కీర్తిశేషుల సంతకం

ఒకానొక అడవి చాలా పెద్దది. పెద్ద అడవి అన్నాక పులులు ఉంటాయి, పులులకి చుట్టాలు ఉంటారు, పులులకి చుట్టాలమని చెప్పుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఈ అడవిలో వాళ్ళతోపాటు ఒక విశ్వవిద్యాలయం కూడా ఉండేది.

అది కొండమీద ఉండేది. అక్కడ ఎండాకాలంలోనూ ఎండని ఊట, ఎంత వానకీ ఉరవని గుహలు. కింద అడవిలో ఏం జరుగుతోందో అక్కడి పెద్దలకి బొత్తిగా తెలియదు. ఉపకులపతి ఏనుగుగారు ఏళ్ళ తరబడి కొండ దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కాలన్న బద్ధకమే తప్ప వేరే కారణం లేదు గానీ, సభల్లో మాత్రం ఆయన్ని విద్యకే అంకితమైన మహనీయుడు అని పరిచయం చేసేవారు.

అక్కడ పీజీ సీటు దొరకడమే గగనం. దొరికినా, చదువుకి కట్టే జీతం కింద ఏడాది పొడుగునా తేనె, పళ్ళు, దుంపలు కొండమీదికి మోయాలి. మోయలేనివాళ్ళకి ఉన్న దారి ఒక్కటే, ఉపకారవేతనం. అది ఏటా ఒక్కరికే ఇస్తారు. వచ్చినవాళ్ళకి గుహ ఉచితం, మేత ఉచితం, ఊట నీళ్ళు ఉచితం.

మొదట్లో దాన్ని ప్రతిభ చూసి ఇచ్చేవారు. ప్రతిభ తెలుసుకోవడానికి తొండం పొడవు కొలిచేవారు. ఏటా ఏనుగు పిల్లలకే వచ్చేది. దీన్ని పక్షపాతం అనడానికి వీల్లేదు, కొలత మాత్రం చాలా నిక్కచ్చిగా ఉండేది. ఎవరో గొడవ చేస్తే ప్రతిభ తీసేసి, ఆ స్థానంలో కష్టం పెట్టారు. ఎవరు ఎక్కువ కష్టపడి పైకొచ్చారో వాళ్ళకే ఉపకారవేతనం. నీ కష్టం నువ్వే ఒక ఆకు మీద రాసి దరఖాస్తుతో ఇవ్వాలి. దానికి ఉద్దేశపత్రం అని పేరు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎంపికైన విద్యార్థి పడిన కష్టానికి అక్కడి ఆవరణలో విగ్రహం పెట్టేవారు. ఒక ఏడు కరువుకి పెట్టారు. కరువు ఎలా ఉంటుందో కొండమీద ఎవరికీ తెలియదు కాబట్టి ఒక ఖాళీ గొయ్యి తవ్వి దానికి దండ వేశారు. ఇంకో ఏడు ఒక కుందేలు విరిగిన కాలికి పెట్టారు. కుందేలు చదువు మధ్యలోనే మానేసింది. కాలు మాత్రం దండతో అక్కడే నిలబడి ఉంది.

తూర్పు లోయలో అలుగు అంకమ్మ ఉండేది. ఒళ్ళంతా పొలుసులు, పొడుగాటి నాలుక, ఎవరైనా గట్టిగా మాట్లాడితే బంతిలా ముడుచుకుపోయే స్వభావం. దాని చిన్నప్పుడే ఒక వానాకాలంలో బొరియ కూలి అమ్మా నాన్నా మట్టికింద ఉండిపోయారు. పక్క బొరియలో ఉండే ఏదుపంది కాంతమ్మ పిల్లని తెచ్చి పెంచుకుంది. ముళ్ళ ఒళ్ళో పెరగడం ఎలా ఉంటుందని అంకమ్మని అడిగితే, మెత్తగానే ఉండేదని చెబుతుంది.

కింద అడవి కాలేజీలో డిగ్రీ అయ్యాక అంకమ్మ కొండమీద సీటుకి దరఖాస్తు పెట్టింది. రోజూ దొరికిన చీమలతో పొట్ట పోసుకునేవాళ్ళు జీతం ఎక్కడ మోస్తారు? ఉపకారవేతనం వస్తే చదువు, రాకపోతే లేదు. ఉద్దేశపత్రం రాసి కాంతమ్మకి చదివి వినిపించింది.

అందులో ఉన్నదంతా మట్టి గురించే. చెదపుట్ట ఎంత పెద్ద వానకైనా నిలబడుతుంది, దాని పక్కనే ఉన్న బొరియ ఎందుకు కూలుతుంది, చెదపురుగులు మట్టిని ఏం చేస్తున్నాయి, అది మనం నేర్చుకోలేమా అని రాసింది.

"బాగుంది," అంది కాంతమ్మ. "మరి మీ అమ్మా నాన్నల సంగతేదీ?"

"అది ఎందుకు పిన్నీ?"

"ఎందుకేమిటే, కష్టమే కదా వాళ్ళక్కావలసింది. నీకు కష్టం లేకనా?"

"వాళ్ళు పోయారని చెప్పి సీటు అడగాలా? నేను చదువుతానంటున్నాను, జాలిపడమనడం లేదు."

ఆ పిల్ల పొగరు చూస్తే కాంతమ్మకి భయమూ వేసింది, గర్వంగానూ అనిపించింది.

అదే రోజుల్లో అడవి మండలి అధ్యక్షుడు కొండముచ్చు విశ్వంభరం, భార్య అనసూయనీ కొడుకు తేజోమూర్తినీ వెంటబెట్టుకుని ఊసరవెల్లి రంగనాయకులు కన్సల్టెన్సీకి వెళ్ళాడు. రంగనాయకులు పని ఉద్దేశపత్రాలు రాసిపెట్టడం. వచ్చినవాళ్ళ రంగులోకి మారి మాట్లాడతాడు కాబట్టి అడవిలో అందరికీ అతను తమవాడే.

"మావాడికి ఆ ఉపకారవేతనం రావాలయ్యా," అన్నాడు విశ్వంభరం.

"మీకేం తక్కువ సార్? జీతం మోయించి చదివించుకోవచ్చు గదా."

"మోయించొచ్చు. అప్పుడు డబ్బున్నవాడు చదివాడంటారు. ఉపకారవేతనంతో చదివితే తెలివైనవాడు చదివాడంటారు. మావాడికి తెలివి ఎలాగూ లేదు, పేరైనా ఉండొద్దూ?"

రంగనాయకులుకి ఆ నిజాయితీ నచ్చింది. "బాబుకి కష్టాలేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

తేజోమూర్తి బాగా ఆలోచించాడు. "మా నాన్న పొద్దున్నే లేపుతాడు," అన్నాడు.

"అది చాలదు బాబూ." ఊసరవెల్లి ఒక కన్ను తండ్రి మీదా ఇంకో కన్ను తల్లి మీదా పెట్టి కాసేపు చూశాడు. "సార్, ఏమీ అనుకోనంటే ఒక మాట. బాబుకి ఉన్న అడ్డంకల్లా మీరిద్దరే. మీరు లేకపోతే సీటు ఇట్టే వస్తుంది."

"లేకపోవడమంటే?"

"ఆకు మీదే సార్. బయట మీరు నిక్షేపంగా ఉండొచ్చు."

విశ్వంభరం పదవి కోసం చాలా చేసినవాడు. చావడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. కానీ ఖర్చు లేని పని కాబట్టి ఒప్పుకున్నాడు. అనసూయే పేచీ పెట్టింది.

"నన్ను పాముకాటుతో మాత్రం చంపకండి," అంది. "మా పుట్టింటివాళ్ళు నవ్వుతారు."

"కార్చిచ్చు పెడతానమ్మా. ఇద్దరికీ ఒకేసారి అయిపోతుంది."

"నేను ఎవర్నయినా కాపాడుతూ పోవాలి," అన్నాడు విశ్వంభరం.

"ఎవర్ని సార్?"

"మండలి సభ్యులందర్నీ."

"ఉపాధ్యక్షుడు భూషణంగారిని కూడానా?"

ఉపాధ్యక్షుడు భూషణం ఒక అడవిపంది. అధ్యక్షుడి కుర్చీ కింద ఎప్పటినుంచో మట్టి తవ్వుతున్నాడు.

"వాణ్ణి వదిలెయ్, కాలిపోనీ," అన్నాడు విశ్వంభరం.

చివర్లో ఊసరవెల్లికి ఒక అనుమానం వచ్చింది. "తల్లిదండ్రుల పేర్లు వేరేవి రాద్దామా సార్? ఎందుకైనా మంచిది."

"వద్దు. అంతటి త్యాగం చేసినవాడి పేరు ఇంకొకడిది ఎందుకవుతుంది? నా పేరే రాయి."

ఎంపిక సంఘంలో ముగ్గురు. ఏనుగుగారు, రిజిస్ట్రారు కొంగ, ప్రొఫెసర్ గుడ్లగూబ. సమావేశాలు ఎప్పుడూ పగలే పెట్టేవారు కాబట్టి గుడ్లగూబ అన్ని నిర్ణయాలకీ నిద్రలోనే తలూపేది. అందుకే సంఘంలో ఎన్నడూ అభిప్రాయభేదాలు రాలేదు.

తేజోమూర్తి ఉద్దేశపత్రం కొంగ పైకి చదివాడు. మంటల్లో దూకి అడవినంతా కాపాడిన తండ్రి, కొడుకుని చెరువులోకి విసిరేసి చెట్టుతోపాటు కాలిపోయిన తల్లి. ఏనుగుగారి కళ్ళనీళ్ళకి ముందున్న ఆకులు తడిసిపోయాయి. అవి మిగతావాళ్ళ దరఖాస్తులు.

"తండ్రిగారి పేరు కూడా విశ్వంభరమే," అన్నాడు కొంగ. "మన మండలి అధ్యక్షులవారి పేరు."

"అభిమానంతో పెట్టుకుని ఉంటాడు పాపం," అన్నారు ఏనుగుగారు.

ఇంటర్వ్యూకి ముందుగా అంకమ్మని పిలిచారు.

"ఇందులో అంతా మట్టే ఉందేమిటమ్మా?" అన్నాడు కొంగ.

"మట్టి గురించి చదువుదామనేనండీ వచ్చాను."

"నీ కష్టాలు చెప్పు."

"మా లోయలో ఏటా బొరియలు కూలిపోతున్నాయండీ, అందుకని..."

"అవి లోయ కష్టాలు. నీవి?"

అంకమ్మ చెబుదామా అనుకుంది, అమ్మ ముఖం గుర్తొచ్చి మానేసింది. "భయపడకు తల్లీ," అన్నారు ఏనుగుగారు. ఆయన ఎంత ప్రేమగా అన్నా కొండ దద్దరిల్లుతుంది. అంకమ్మ బంతిలా ముడుచుకుపోయింది.

కొంగ తన ఆకు మీద రాసుకున్నాడు. "అభ్యర్థినికి కష్టాలు లేవు. చెప్పే ఆసక్తీ లేదు. గుండ్రంగా ఉంది."

తర్వాత తేజోమూర్తి వచ్చాడు. రంగనాయకులు అతనికి ఒక్కటే నేర్పాడు, నోరు విప్పొద్దు, ఏడిస్తే చాలని. ఏడుపు రావడానికి అనసూయ పొద్దున్నుంచీ పళ్ళు దాచిపెట్టి, అన్నీ అయిపోయాయని చెప్పింది. మీ నాన్నగారి గురించి చెప్పు బాబూ అని అడగ్గానే ఆకలి గుర్తొచ్చి తేజోమూర్తి భోరుమన్నాడు. ఆ ఏడుపుకి గుడ్లగూబ కూడా లేచి కూర్చుంది. ఉపకారవేతనం అతనికి వచ్చిందని వేరే చెప్పాలా?

అంకమ్మ ఇంటికొచ్చి కాంతమ్మ పక్కన పడుకుని ఏడ్చింది. ఆ వానాకాలం లోయలో మళ్ళీ బొరియలు కూలాయి. ముంగిసల ఇంట్లో పిల్లలు పోయారు. అంకమ్మ కూడా తవ్విన గుంపులో ఉంది. పిల్లల్ని బయటికి తీసేసరికి ఆలస్యమైపోయింది.

కొండమీద తేజోమూర్తికీ సుఖం లేదు. అనాథ అని తెలిశాక అక్కడివాళ్ళు అతని మీద కురిపించిన దయ అంతా ఇంతా కాదు. సెలవులిచ్చినప్పుడు అందర్నీ ఇళ్ళకి పంపి అతన్ని మాత్రం ఆపేవారు, ఇల్లెక్కడిది పాపం అని. చెట్టెక్కబోతే కిందికి లాగేవారు, కాలిన చెట్టు గుర్తొస్తుందని. అమ్మానాన్నలు పోయిన తిథినాడు ఉపవాసం ఉండాలన్నారు. ఏ తిథో రాయడం రంగనాయకులు మరిచిపోయాడు. అందుకని ఏ రోజైనా అయ్యుండొచ్చని వారం వారం పస్తు పెట్టారు.

ఈలోగా వడ్రంగిపిట్ట, తేజోమూర్తి పోలికలు చూసి, అతని తల్లిదండ్రుల విగ్రహాలు పూర్తిచేసింది. విగ్రహావిష్కరణకి ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కొంగ సలహా ఇచ్చాడు. "పోయినాయన పేరున్న పెద్దమనిషి ఉండనే ఉన్నారు గదా, ఆయన్నే పిలుద్దాం. కుటుంబ సమేతంగా."

పిలుపు అందగానే విశ్వంభరానికి కొంచెం గుబులు పుట్టింది. కానీ ఆయన దండ వేస్తామంటే కాదన్నవాడు కాదు. అనసూయకైతే తన విగ్రహం ఎలా వచ్చిందో చూడాలని మహా ఆత్రంగా ఉంది. ఇద్దరూ వెళ్ళారు. మండలి సభ్యులూ వెళ్ళారు, వాళ్ళతో భూషణం కూడా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

గుడ్డ తొలగించారు. విగ్రహాలు అచ్చు గుద్దినట్టు వాళ్ళలాగే ఉన్నాయి. "నడుం కాస్త సన్నగా చెక్కింది, మంచి పిట్ట," అంది అనసూయ మొగుడి చెవిలో.

"ఆ పుణ్యదంపతులు ఈ రోజు మన మధ్య ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో," అన్నారు ఏనుగుగారు. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. చనిపోయినవాళ్ళిద్దరూ కూడా వేదికమీద తలవంచుకుని పాటించారు.

తర్వాత విశ్వంభరానికి మైకు ఇచ్చారు. రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనే లేచాడు. కానీ తనని గురించి తాను మాట్లాడుకోవడంలో ఉన్న సుఖం ఆయన్ని ఆగనిస్తేనా. "విశ్వంభరంలాంటి నాయకుడు ఈ అడవిలో మళ్ళీ పుట్టడు," అన్నాడు. "ఆయన పోయాక ఆ స్థానం ఖాళీగానే ఉంది. ఆయన మన మధ్య లేడన్నది చేదు నిజం. ఈ నిజాన్ని అందరూ అంగీకరించాలి." అంటూ అంటూ నిజంగానే వెక్కిపడ్డాడు. జనమంతా ఏడ్చారు. భూషణం మాత్రం ఏడవలేదు, శ్రద్ధగా విన్నాడు.

మర్నాడు మండలి సమావేశానికి విశ్వంభరం వెళ్ళేసరికి కుర్చీలో భూషణం ఉన్నాడు. సంతాప తీర్మానం అప్పుడే అయిపోయింది.

"ఏమిటిది భూషణం? లే," అన్నాడు విశ్వంభరం.

"ఎవరయ్యా నువ్వు? అధ్యక్షులవారు పోయారు గదా."

"నేనేరా అధ్యక్షుణ్ణి. కళ్ళు కనబడటం లేదా?"

"నిన్న నువ్వే చెప్పావు గదా, ఆయన మన మధ్య లేడని. అందరూ అంగీకరించాలని కూడా అన్నావు. మేం నీ మాట మీద గౌరవంతోనే అంగీకరించాం. అయినా అంత ఏడ్చినవాడివి, అబద్ధం చెప్పి ఉంటావా?"

విశ్వంభరం కొండమీదికి పరిగెత్తాడు. ఉపకులపతి గుహలో దూరి, కుర్చీ పోయిన బాధలో జరిగిందంతా కక్కేశాడు. తనే ఆ తండ్రినని, చావలేదని, ఆకు మీద రాసింది అబద్ధమని.

ఏనుగుగారు చాలాసేపు నొచ్చుకున్నారు. "బతికే ఉన్నారా? ఎంత బాధ్యత లేని పని చేశారండీ. విగ్రహం కూడా పెట్టేశాం."

ఎంపిక సంఘం హడావుడిగా కూర్చుంది. తేజోమూర్తి ఉపకారవేతనం రద్దు చేస్తే తాము మోసపోయామని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం ఆ విశ్వవిద్యాలయం చరిత్రలోనే లేదు. విగ్రహాలు తీసేస్తే వడ్రంగిపిట్ట ఊరుకోదు. ఒంటికాలి మీద నిలబడి ఆలోచించి ఆలోచించి కొంగ ఒక దారి కనిపెట్టాడు.

"దరఖాస్తు పెట్టిన రోజుకి వారు మరణించే ఉన్నారు," అన్నాడు. "తర్వాత కోలుకున్నారు. అందులో మన తప్పేమీ లేదు."

గుడ్లగూబ నిద్రలో తలూపింది.

ఆ తీర్మానం ప్రతిని భూషణం మండలిలో అందరికీ చదివి వినిపించాడు. ఒకసారి చచ్చిపోయినవాడి పదవి, తర్వాత కోలుకున్నా తిరిగి రాదని కొత్త చట్టం చేశాడు. విశ్వంభరం మాజీ అయ్యాడు, మాజీల్లో కూడా కీర్తిశేషుడైన మాజీ. తేజోమూర్తి ఆ సాయంత్రమే తండ్రి తోక పట్టుకుని ఇంటికి పోయి పళ్ళమీద పడ్డాడు. ఉపకారవేతనం మాత్రం ఏడాది చివరిదాకా అతని పేరు మీదే ఉంది. గుహ ఖాళీగా ఉంది, మేత కుళ్ళిపోయింది. అంకమ్మకి ఇద్దామని ఎవరికీ తోచలేదు. దానికి కష్టాలు లేవని ఆకు మీద రాసి ఉంది కదా.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తులు పిలిచారు. అంకమ్మ చాలా రోజులు దాని జోలికి పోలేదు. ముంగిసల పిల్లల్ని మట్టిలోంచి తీసింది గుర్తొచ్చినప్పుడల్లా, నా పొగరు ఎవరికి కూడు పెడుతుంది అనుకుంది. ఆఖరికి కాంతమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రాసింది. వానా, కూలిన బొరియా, అమ్మ తనని బయటికి తోసిన చెయ్యీ, తర్వాత మట్టీ. రాస్తుంటే సిగ్గుగా ఉంది, అమ్మని అమ్ముకుంటున్నట్టుగా ఉంది. కాంతమ్మ ముళ్ళు వాల్చుకుని అంకమ్మ వీపు నిమురుతూనే ఉంది.

ఇద్దరూ కలిసి కొండెక్కారు. కొంగ ఉద్దేశపత్రం మొత్తం చదివాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు. "ఇలాంటి కష్టం ఈ ఏడు ఇంకొకటి రాలేదు. నీకే ఇవ్వాలి. మీ అమ్మా నాన్నల్ని లోపలికి పిలువు."

"వాళ్ళు లేరండీ," అంది అంకమ్మ. "రాశాను గదా."

"రాస్తే సరిపోదమ్మా. పోయినేడాది అనుభవంతో నిబంధన మార్చాం. తల్లిదండ్రులు స్వయంగా హాజరై, మేము మరణించామని సంతకం పెట్టాలి. మోసాలు జరగకుండా."

"చనిపోయినవాళ్ళు ఎలా వస్తారు బాబూ?" అంది కాంతమ్మ.

"పోయినేడాది వచ్చారే," అన్నాడు కొంగ. "ఇద్దరూ వచ్చారు. ప్రసంగం కూడా చేశారు."

"కాస్త పక్కకి జరగమ్మా," అన్నారు వెనకనుంచి ఎవరో. అధ్యక్షుడు భూషణం, ఆయన భార్య, మధ్యలో వాళ్ళ కూతురు. భూషణం చేతికి కొంగ సంతకానికి ఒక పుల్ల అందించాడు.

"ఇక్కడేనా?" అన్నాడు భూషణం.

"అక్కడేనండీ. కీర్తిశేషులు అన్నదాని పక్కన."

దంపతులిద్దరూ ఒకరి తర్వాత ఒకరు చక్కగా సంతకం పెట్టారు. ఏనుగుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కాంతమ్మ అంకమ్మ చెయ్యి పట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టింది. లోయమీద అప్పుడే మబ్బు పడుతోంది.

నీతి: అనాథ అనిపించుకోవాలన్నా అమ్మానాన్నలకి పలుకుబడి ఉండాలి.